కనుమ మీది తెల్లరాళ్ళు

తాష్-కొరో
1973 మే 4

జిపార్ తల్లికి,

మేనకోడలు పిల్లా, నువ్వూ నీ వాళ్ళూ క్షేమమేనా? ఇక్కడ మనుషులూ మందా క్షేమం. గొర్రెల ఈతలు అయిపోయాయి. ఒక్క నల్లది మాత్రం పిల్లని దగ్గరికి రానివ్వడం లేదు. మీ అత్తయ్య సోనున్ రోజూ దాని పక్కన కూచుని పాట పాడి బతిమాలుతోంది. గొర్రె ఒప్పుకునేలాగే ఉంది, నేనే ఇల్లు వదిలి పారిపోయేలా ఉన్నాను.

అసలు సంగతికొస్తాను. మీ ఆఫీసువాళ్ళు బంగారం వెతకడానికి మన అక్-బెల్ కనుమకే మనుషుల్ని పంపుతున్నారనీ, వాళ్ళకి పెద్ద నువ్వేననీ లారీ దోరాన్ చెప్పాడు. సొంత మేనమామకి ఈ కబురు లారీ డ్రైవరు చెప్పాలటే? సరేలే, రాజధాని ఫ్రూంజెలో పెరిగావు, మర్యాదలు తెలియవు, క్షమించాను.

ఇక్కడ మా గతి విను. చిన్న ఊళ్ళన్నీ ఎత్తేస్తారట. తాష్-కొరోలో ఉన్నవి పదకొండు ఇళ్ళేనట, ఇంత ఊరికి బడీ కరెంటూ దండగట. అందర్నీ కింద కెంగ్-సాయిలో సబ్బుబిళ్ళల్లా వరసగా కట్టిన ఇళ్ళలోకి తోలేస్తారట. మా ఉమ్మడి సేద్యం కొల్హోజ్ అధ్యక్షుడు వచ్చి, "పెద్దాయనా, అక్కడ కుళాయి తిప్పితే చాలు, నీళ్ళొస్తాయి" అన్నాడు. "ఇక్కడ తిప్పకుండానే వస్తాయిరా" అన్నాను. మా తాత పుట్టిన ఇల్లు, నేను పుట్టిన ఇల్లు, మీ అమ్మ పుట్టిన ఇల్లు. ఇది వదిలి నేను బతకలేను, ఉన్న మాట చెబుతున్నాను. అందుకే అందరి ముందూ అనేశాను: "నా మేనకోడలు ఈ ఏడే బంగారం తీస్తుంది. కనుమ మీద గని వస్తుంది, రోడ్డొస్తుంది. అప్పుడు ఈ ఊరిని ఎవడు ఎత్తేస్తాడో చూస్తాను."

కాబట్టి కాస్త తొందరగా తియ్యి. గుర్రం కావాలంటే అడుగు. అక్కచెల్లెళ్ళ బిడ్డ అడిగితే మేనమామ కాదనకూడదు, అది నీ హక్కు.

నీ మామయ్య
ఇస్మానలీ

అక్-బెల్ కనుమ, గుడారం
1973 జూన్ 22

మామయ్యా,

నీ పుణ్యమా అని నేను గుర్రం దిగకముందే ముగ్గురు కాపరులు వచ్చి బంగారం ఎక్కడా అని అడిగారు. నేనింకా టీ కూడా తాగలేదు. దయచేసి ఊరంతా చాటింపు వెయ్యకు. వంద చోట్ల వెతికితే ఒక్కచోట దొరుకుతుందో లేదో, అదీ మా బతుకు.

అయినా నీకొక్కడికే చెబుతున్నాను, కడుపులో దాచుకో. కనుమ మీద దారిన పోయేవాళ్ళు పోగేసిన రాళ్ళగుట్ట ఉంది కదా, దానిలోనూ దాని చుట్టూనూ పలుగురాళ్ళు పడి ఉన్నాయి. తెల్లగా, తుప్పు చారలతో. ఒకదాన్ని పగలగొడితే లోపల బంగారం కంటికి కనపడింది. నువ్వుల గింజంత. మా ఆఫీసు పెద్దాయన గ్రిగొరి ల్వోవిచ్ దాన్ని చూసి భూతద్దం కోసం జేబులన్నీ తడుముకున్నాడు. సుత్తితో కొడితే వెల్లుల్లి వాసన కూడా వస్తోంది, అది మంచి గుర్తు.

ఇక మిగిలింది తేలిక. రాయి ఎప్పుడూ కిందికే దొర్లుతుంది. పైన ఎక్కడో రాతిలో పలుగురాతి నరం ఒకటి పారి ఉంటుంది, చలికి పగిలి ముక్కలు ఊడతాయి, మంచూ నీళ్ళూ వాటిని కిందికి తెస్తాయి. ముక్కలు దొరికిన చోటి నుంచి పైకి పోతే తల్లిరాయి దొరుకుతుంది. మా చదువులో మొదటి పాఠం ఇది.

ఆ రాళ్ళ మీద ఎర్ర రంగుతో అంకెలు వేశాను. వాటి జోలికి ఎవరూ పోవద్దని చెప్పు.

జిపార్

తాష్-కొరో
1973 జులై 15

జిపార్ తల్లికి,

కడుపులోనే దాచుకున్నాను. అధ్యక్షుడికీ, బడి పంతులికీ, దోరాన్‌కీ తప్ప ఎవరికీ చెప్పలేదు. అధ్యక్షుడు టోపీ తీసి తల గోక్కుని, "అయితే ఈ ఏడు ఆగుదాం" అన్నాడు. చూశావా నీ మామయ్య తడాఖా!

నీకు వెల్లుల్లి మీద మనసు పోయిందని మీ అత్తయ్యకి అర్థమైంది. రాళ్ళలో కూడా ఆ వాసనే వస్తోందంటే పిల్ల ఎంత నోరు కట్టుకుని ఉందో అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. రెండు వెల్లుల్లి జడలు పంపుతున్నాను. ఎండు పెరుగు కురుత్ ఉండలు కూడా ఉన్నాయి, నీ రష్యా పెద్దాయనకి ఇవ్వు, కానీ నానబెట్టి తినమని చెప్పు, పళ్ళు ఊడితే నన్ననకు.

నీ రాళ్ళని ఎవరూ ముట్టుకోరు. ముట్టుకుంటే కాళ్ళు విరగ్గొడతానని చెప్పాను. అయితే ఒకమాట. అంకెలు వేసినప్పుడు గుట్ట మీదున్న వాటికి కూడా వేశావట, కాపరులు గొణుగుతున్నారు. పోనీలే, చదువుకున్న పిల్ల, నీకేం తెలుసు అని సర్దిచెప్పాను.

గనివాళ్ళొస్తే తెరవబోయే దుకాణం కోసం జాగా చూసి పెట్టాను. రోడ్డు మాత్రం మన ఇంటి ముందు నుంచే రావాలి.

నీ మామయ్య

ఫ్రూంజె
1973 అక్టోబరు 30

మామయ్యా,

వెల్లుల్లి సంగతి ఇంక ఎత్తకు. గుడారంలో అందరూ నన్ను వెల్లుల్లి అధికారి అనేవారు.

వార్త మంచిది కాదు. కనుమకి రెండువైపులా పైదాకా కందకాలు తవ్వాం. పలకరాయి, మళ్ళీ పలకరాయి, దాని కింద ఇంకా పలకరాయి. తెల్లచార ఒక్కటి లేదు. గ్రిగొరి ల్వోవిచ్, "నరం మనతో దాగుడుమూతలాడుతోంది" అంటాడు. ఆయనకేం, ఆయన ఆఫీసులో ఉంటాడు, నా అరచేతులు చూస్తే మీ గొర్రెలు కూడా జాలిపడతాయి. ఎలాగో ఇంకొక్క ఏడాది ఇచ్చారు. వచ్చే వేసవిలో కూడా దొరక్కపోతే మూసేస్తారు. మూస్తే మీ ఊరి సంగతి ఏమవుతుందో నాకు తెలుసు. రాత్రులు అదే ఆలోచన.

మీ తాతల కాలంలో కనుమకి పైన ఎక్కడైనా తెల్లరాతి గట్టు ఉందని ఎవరైనా అనేవారా? బాగా గుర్తుచేసుకుని రాయి. కథలు వద్దు.

జిపార్

తాష్-కొరో
1973 డిసెంబరు 12

జిపార్ తల్లికి,

కనుమకి పైనా? పైన మంచుంది, ఉడుములంత ఎలుకలున్నాయి, ఇంకేం లేదు. మా తాత అక్కడికి ఒకసారి వేటకి పోయి, మేకకి బదులు జలుబు పట్టుకొచ్చాడు. తెల్లరాతి గట్టు గిట్టూ ఎవరూ చెప్పలేదు. కథలు వద్దన్నావని ఇంతటితో ఆపుతున్నాను, లేకపోతే ఆ జలుబు కథ చాలా బాగుంటుంది.

నువ్వు దిగులు పడకు. పని ఎందుకు సాగడం లేదో నాకు తెలిసింది. అంకెలు వేసి కనుమకి కోపం తెప్పించావు. వసంతంలో మంద పైకి ఎక్కేటప్పుడు నేను చూసుకుంటాను. నీ మామయ్య ఒకమాట ఇచ్చాడంటే ఇచ్చినట్టే.

నీ మామయ్య

అక్-బెల్ కనుమ, గుడారం
1974 జూన్ 9

మామయ్యా!

కూచుని చదువు. ఈ వసంతంలో రాళ్ళు రెట్టింపయ్యాయి! అంకెలు వేసినవి అలాగే ఉన్నాయి, వాటి మధ్య కొత్తవి, అంకెలు లేనివి, తళతళలాడుతూ. అన్నీ పలుగురాళ్ళే. రెండింటిలో బంగారం. గ్రిగొరి ల్వోవిచ్ పరుగున వచ్చాడు. చలికాలంలో నేల గడ్డకట్టి లోపలి రాళ్ళని పైకి నెడుతుందట. అంటే నరం కనుమకి పైన కాదు, మా కాళ్ళ కిందే ఉందన్నమాట! ఆయన ఇప్పటికే దీని మీద వ్యాసం రాయడం మొదలుపెట్టాడు, నా పేరు కూడా వేస్తాడట.

కనుమ నడినెత్తి మీదే పది కందకాలు తవ్విస్తున్నాను. ఈసారి తప్పదు. ఒక రాయికి గొర్రెపేడ కూడా అంటుకుని ఉంది, నేలలోంచి పైకొచ్చిన రాయికి పేడ ఎలా అంటిందా అని కాసేపు ఆలోచించాను. ఏ గొర్రో దాని మీద కూచుని ఉంటుంది.

అత్తయ్యకి ముద్దులు. దుకాణం జాగా చదును చేయించుకో.

నీ జిపార్

తాష్-కొరో
1974 జూన్ 18

బంగారు తల్లీ,

నేను చెప్పలేదూ! ఈ ఏడు ఇంటికి రెండేసి మోయించాను. మామూలుగా ఒక్కటే కదా. "నా మేనకోడలి పని జరగాలి, ఎవడైనా బద్ధకించాడో వాడి గొర్రెల్ని నా నీళ్ళు తాగనివ్వను" అన్నాను. బడి పంతులు నడుం నొప్పి అని సణిగాడు, వాడి చేత మూడు మోయించాను.

నువ్వు రాళ్ళని లెక్కపెట్టుకుంటూ సంతోషపడుతున్నావంటే కనుమ కోపం తీరినట్టే. అయినా నేలలోంచి పైకి రావడం ఏమిటే? రాయి ఏమన్నా పుట్టగొడుగా? మీ అమ్మ నీకు ఇది కూడా చెప్పలేదా? చలికాలపు ఇంటి దగ్గర నుంచి ఒక తెల్లరాయి తీసుకుని, పైకి మంద తోలేటప్పుడు కనుమ మీద గుట్టకి పెట్టి, కాస్త పాలు పోసి పోవాలి. చలికాలపు కీడంతా ఆ రాయితో అక్కడే ఉండిపోతుంది. మా తాత పెట్టాడు, ఆయన తాత పెట్టాడు. మీ అమ్మ చదువుకి ఫ్రూంజె వెళ్ళిన ఏడు ఎంత పెద్దది మోసిందనుకున్నావు! గుర్రం కుంటింది.

రాయికి కరువేముంది, మన దొడ్డి వెనక తెల్లరాతి గట్టే ఉంది కదా. ఇదివరకు నడుమెత్తు ఉండేదట, కొట్టీ కొట్టీ ఇప్పుడు నేలమట్టమైంది, పైన పేడ పేరుకుపోయింది. ఈ ఏడు గడ్డపారతో తవ్వి తీశాం.

దుకాణం జాగా చదునైంది.

నీ మామయ్య

అక్-బెల్ కనుమ
1974 జూన్ 25

మామయ్యా,

పది కందకాలు తవ్వాను. పది!

ఎవరితోనూ ఏమీ మాట్లాడకు. దొడ్డి వెనక ఇంక ఒక్క రాయి కూడా ముట్టుకోవద్దు. మంద కొండ దిగాక ఇంకో దొడ్డిలోకి తోలు. నేను వస్తున్నాను.

జిపార్

తాష్-కొరో
1974 ఆగస్టు 3

జిపార్‌కి,

క్షేమమా అని అడగను. నువ్వు వెళ్ళిన దగ్గర్నుంచీ మాకు క్షేమం లేదు.

గుమ్మంలో అడుగుపెడుతూనే, "మామయ్యా, మేనకోడలిగా నా హక్కు అడగడానికొచ్చాను" అన్నావు. నేను పొంగిపోయాను. గోధుమరంగు గుర్రాన్ని అడుగుతావనుకున్నాను, దానికి జూలు దువ్వించి పెట్టాను కూడా. నువ్వు దొడ్డి వెనక పేడ అడిగావు! చుట్టుపక్కల ఊళ్ళలో ఎవడి మేనకోడలూ ఇంత పరువు తీసి ఉండదు. కాదనకూడదు కనక సరే అన్నాను. నువ్వు తవ్వావు. ముత్తాతల నాటి పేడ తవ్వావు. దాని కింద ఆ తెల్లచార బయటపడితే పసిపిల్లలా గంతులేశావు. అది ఎటు పోతోందా అని చూసుకుంటూ, చూసుకుంటూ, మా ఇంటి గోడ కిందికి వచ్చి ఆగావు. అప్పుడు నీ మొహం చూడాల్సింది. నా మొహం నువ్వు చూసే ఉంటావు.

నేను కనుమ మీద బంగారం తియ్యమన్నాను. నా మంచం కింద తియ్యమన్నానా? గని వస్తే ఊరు నిలుస్తుందనుకున్నాను, ఊరినే గని చేస్తావా? పుట్టిన దగ్గర్నుంచీ బంగారం మీద పడుకుని ఒక్క బంగారు పన్నుతో సరిపెట్టుకున్నానని మీ అత్తయ్య నవ్వుతోంది. నాకు నవ్వు రావడం లేదు.

ఆలోచించి చూస్తే, ఆ తెల్లరాయిని కూడా ఎవరో ఎక్కడి నుంచో మోసుకొచ్చి మా దొడ్డి వెనక పాతిపెట్టి ఉండొచ్చు. అలా రాస్తే ఏం పోయింది? ఏం రాయబోతున్నావో ముందే చెప్పు. నన్ను ఈ ఇంట్లోంచి లేపింది నా అక్క కూతురే అని జనం అనుకుంటే నేను తల ఎక్కడ పెట్టుకోను?

ఇస్మానలీ

ఫ్రూంజె
1974 అక్టోబరు 17

మామయ్యా,

నీ కోపం చల్లారే వార్త ఇది. చల్లారాక మళ్ళీ రాజుకుంటుంది, అందుకే పూర్తిగా చదువు.

ప్రయోగశాల నుంచి ఫలితాలు వచ్చాయి. మీ గోడ కింద నరం అరచెయ్యి వెడల్పు ఉంది, బంగారం బాగుంది. పెరట్లోకి వచ్చేసరికి రెండు వేళ్ళు. వాగు గట్టు దగ్గర గీత. ఆ తర్వాత గీత కూడా లేదు. లావుగా ఉన్న భాగం ఏమైందో తెలుసా? నడుమెత్తున ఉండేదన్నావే, అదే. దాన్ని తరతరాలుగా మీరు గుర్రాల మీద వేసుకుని కనుమకి మోసేశారు. గని ఎప్పుడో అయిపోయింది మామయ్యా. మన ముత్తాతలే తవ్వేసి, కొండమీద పెట్టి, పాలు పోసి, వెనక్కి చూడకుండా పోయారు.

ఉన్నదున్నట్టు రాస్తే, ఇక్కడేమీ లేదని మూసేస్తారు, మీ ఊరు ఎత్తేస్తారు. బాగుందని రాస్తే, తవ్వడానికి మీ ఊరు ఎత్తేస్తారు. వారం రోజులు కాగితం ముందు కూచున్నాను. చివరికి రాళ్ళు మోసిన సంగతి గ్రిగొరి ల్వోవిచ్‌కి చెప్పేశాను. ఆయన, "వ్యాసం అచ్చుకి వెళ్ళిపోయింది జిపార్" అన్నాడు.

అందుకని ఇలా రాశాను: "నరం స్వభావం ఇంకా తేలలేదు. మరింత పరిశీలన అవసరం. ఆ పనికి తాష్-కొరో గ్రామం, దాని బడి, దాని మనుషులు స్థావరంగా తప్పనిసరి." నేను ఆఫీసు కాగితం మీద అబద్ధం రాయడం ఇదే మొదలు. ఇది నీకోసం రాశాను, నువ్వు ఆ ఇంట్లో ఉండడం కోసం. ఇంకెవరికోసమైనా అయితే రాసేదాన్ని కాదు.

జిపార్

తాష్-కొరో
1975 మార్చి 2

నా ప్రాణమా, నా జిపార్,

గీతా? మా బంగారాన్ని గీత అంటావా? రెండు వేళ్ళట! ఎవరి వేళ్ళు? ఈ కోపం నాలుగు నెలలు ఉంచుకుని ఇప్పుడు వదిలేస్తున్నాను, ఎందుకంటే ఇక్కడ పండగలా ఉంది.

నువ్వు రాసింది పైవాళ్ళకి తెగ నచ్చిందట. "తేలలేదు" అన్న మాట వాళ్ళకి అంత ఇష్టమని నాకు తెలియదు. డ్రిల్లింగ్ యంత్రం వస్తుందట, దానికి రోడ్డు వేస్తారట, బుల్‌డోజర్ అప్పుడే వాగు దాకా వచ్చేసింది. ఊరు ఎత్తెయ్యడం రద్దు. అధ్యక్షుడు స్వయంగా వచ్చి, నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుని చెప్పాడు. నేను పొట్టేలుని కోశాను. పెద్ద అతిథికి పెట్టే తల నీదే, నువ్వు లేవు కనక దాన్ని పంతులికి పెట్టాల్సొచ్చింది, వాడి నడుం నొప్పి తక్షణం తగ్గింది.

రాత్రి బయట నిలబడి మన ఇంటిని చూసుకున్నాను. ఏడ్చాను కూడా, ఎవరికీ చెప్పకు. నువ్వు లేకపోతే ఈ గుమ్మం నాది కాదు.

నీ మామయ్య

కెంగ్-సాయి, మూడో వీధి
1976 సెప్టెంబరు 20

జిపార్ తల్లికి,

పైన అడ్రసు చూసి కంగారు పడకు. అందరం క్షేమం. ఎవరూ మమ్మల్ని లేపలేదు, మేమే వచ్చాం.

ఏం జరిగిందంటే, ఏమీ జరగలేదు. రోడ్డు పడ్డాక పంతులు ఒకరోజు నడుం చూపించుకోవడానికి కిందికి దిగాడు, మళ్ళీ ఎక్కలేదు. ఆ తర్వాత పక్కింటివాళ్ళు, పెళ్ళి పేరు చెప్పి. మునుపైతే సామాను దింపాలంటే గుర్రాల మీద వారం పట్టేది, ఆ వారంలో మనసు మారిపోయేది. ఇప్పుడు మీ లారీవాళ్ళు తిరుగు ప్రయాణంలో ఖాళీగా పోతారు కదా, అడిగితే ఎక్కించుకుంటారు. అలా ఒక్కొక్కరే. చివరికి మేమూ, మీ యంత్రమూ మిగిలాం. మీ అత్తయ్య మోకాళ్ళ నొప్పుల సంగతి తెలుసు కదా. దోరాన్ ఖాళీ లారీ గుమ్మం ముందు ఆపి హారన్ కొట్టాడు. నేను కాసేపు ఆలోచించాను. ఎక్కాను.

ఇక్కడ బాగానే ఉంది. కుళాయి తిప్పితే నీళ్ళొస్తున్నాయి. మొదటిరోజు పదిసార్లు తిప్పి చూశాను. టీవీ ఉంది. అధ్యక్షుడు ఎదురింట్లోనే ఉంటాడు, సాయంత్రాలు ఇద్దరం పేకాడతాం, మోసం చేస్తాడు. మనిషి మంచివాడే.

ఇంటి తాళంచెవి మీ వంటావిడకిచ్చాను. ఈ చలికాలం నువ్వు అక్కడే ఉంటావని దోరాన్ అన్నాడు. ఆ చలిలో అక్కడెందుకే పిల్లా? బంగారం లేదని నువ్వే అన్నావు. దిగి వచ్చెయ్యి, అత్తయ్య నీకోసం కుళాయి పక్క గది సర్దింది.

నీ మామయ్య

తాష్-కొరో
1976 నవంబరు 5

మామయ్యా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి కోపంతో చింపబోయాను. నీకోసం నా పేరు పణంగా పెట్టాను, నువ్వు హారన్ కొడితే ఎక్కి వెళ్ళిపోయావా! రెండోసారి ఏడుపొచ్చింది. మూడోసారికి మాత్రం అత్తయ్య మోకాళ్ళు గుర్తొచ్చాయి. సర్లే, ఉండండి, సుఖంగా ఉండండి.

నేను దిగి రాలేను. పోయిన నెల ఫ్రూంజె వెళ్ళి, ఇక్కడ బంగారం లేదు, మూసెయ్యండి అని నిజం చెప్పాను. గ్రిగొరి ల్వోవిచ్ ఇంకా పెద్ద పదవికి వెళ్ళిపోయాడు, ఆ వ్యాసానికి బహుమతి వచ్చింది. ఆయన కుర్చీలో కూచున్న కొత్తాయన నా కాగితమే తీసి నా ముందు పెట్టాడు. "రోడ్డు వేసింది దీనికోసం, యంత్రం తెచ్చింది దీనికోసం. మరింత పరిశీలన అవసరమని రాసింది మీరే. ఇప్పుడు లేదంటే, ఇంత ఖర్చు ఎందుకైందని నన్నడుగుతారు. పరిశీలించండి" అన్నాడు. ఇంకో మూడేళ్ళు మంజూరు చేశాడు. స్థావరంలో ఎవరో ఒకరు శాశ్వతంగా ఉండాలట, అది కూడా నేను రాసిందేనట.

మిగతావాళ్ళు మొన్న మంచు పడకముందే దిగిపోయారు. యంత్రానికి కాపలా నేనే. ఊళ్ళో నేనొక్కదాన్నే ఉన్నాను, ఇప్పుడు ఈ ఊరిని ఎవరూ ఎత్తెయ్యలేరు. నీ మంచం మీదే పడుకుంటున్నాను. నీ పొయ్యి పొగంతా ఇంట్లోకే కొడుతోంది, ఏ వైపు కిటికీ తీస్తే లాగుతుందో రాసి, దోరాన్ ఇటు వచ్చేటప్పుడు అతనితో పంపు.

జిపార్